గడప చూపు

కిటికీ పక్కనున్న ఎత్తు స్టూలు మీద నాలుగేళ్ళుగా ఎవరూ కూర్చోలేదు. రోజూ పొద్దున్నే దాన్ని తుడిచేది మాత్రం పెద్దకూతురు.

"అది చిన్నదాని చోటు. చదువు ముగించుకుని వచ్చి కూర్చుంటుంది" అని తల్లి ఒక్కసారే అంది. ఆ ఒక్కసారి చాలింది. అప్పట్నుంచి పెద్దది మూలనున్న పొట్టిబల్ల ముందు నడుం వంచుకుని పని చేస్తూ వచ్చింది గానీ, వెలుతురు ధారాళంగా పడే ఆ కిటికీ దగ్గరికి తుడుపుగుడ్డ పట్టుకుని తప్ప వెళ్ళలేదు.

వీధిలో వాళ్ళ షాపుని కళ్ళ షాపు అంటారు. కళ్ళజోళ్ళు అమ్ముతారనుకుని లోపలికొచ్చిన కొత్తవాళ్ళు, సొరుగుల్లో వరసగా పేర్చిన కళ్ళు తమనే చూస్తుంటే జడుసుకుని వెనక్కి తిరుగుతారు. దెబ్బ తగిలో జబ్బు చేసో కన్ను పోగొట్టుకున్నవాళ్ళకి ఇక్కడ కొత్త కన్ను చేసిపెడతారు. దానికి చూపుండదు. కానీ నలుగురిలో తలెత్తుకు తిరగనిస్తుంది. తల్లికి కళ్ళావిడ అని పేరు పడిపోయింది. పెద్దాసుపత్రి కళ్ళ డాక్టరు తన దగ్గర పని అయిపోయినవాళ్ళని నేరుగా ఆవిడ దగ్గరికే పంపుతాడు. మీ అచ్చులూ సొరుగులూ మా ఆసుపత్రికి ఇచ్చెయ్యండమ్మా, మీరూ విశ్రాంతి తీసుకోండి అని ఏటా అడుగుతాడు. "చిన్నది వస్తోంది డాక్టరుగారూ" అని ఆవిడ ఏటా అదే జవాబు చెబుతుంది.

ఆ చిన్నది సోమవారం పొద్దున రానే వచ్చింది. ఒక పెట్టె, ఒక కెమెరా, గుండ్రంగా వెలిగే ఒక దీపం, అక్కకోసం సన్న కుంచెల కట్ట తెచ్చింది. తల్లి దాన్ని భుజాలు పట్టి తీసుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టింది.

"అబ్బ, ఇంకా ఇంత ఎత్తేనా ఇది!" అని కాళ్ళూపుతూ నవ్వింది చిన్నది. ఆ తర్వాత నవ్వు తగ్గించుకుని అసలు సంగతి చెప్పింది. చదివిన చోటే ఉద్యోగం ఇస్తామన్నారు. వచ్చే సోమవారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి.

"చెప్పేదేముంది? అక్కర్లేదని రాసెయ్" అంది తల్లి. అలా అంటూనే పెద్దదానివైపు తిరిగింది. "నువ్వు నీ సామాను వెనకగదిలోకి మార్చుకో. అచ్చులు పొయ్యడం, పాలిష్ పట్టడం నువ్వు చూసుకుందువుగాని. తెల్లగుడ్డు మీద ఎర్రనరాలు పెట్టడం ఎలాగూ నీదే. రంగు మాత్రం దాని చేతికి వదిలెయ్."

పెద్దది కుంచెల కట్ట విప్పుతున్నదల్లా ఆగింది. రంగు దాని చేతికి వదిలెయ్! ఇన్నాళ్ళూ అదేదో ఈ చేతిలో ఉన్నట్టు ఎవరైనా ఒప్పుకుంటే కదా వదలడానికి. రెండేళ్ళయింది తల్లి చూపు మసకబారి. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. వచ్చినవాళ్ళ ఎదుట తల్లి కుంచె పట్టుకుని నాలుగు గీతలు గీస్తుంది. "ఇది ఆరాలి, రేపు రండి" అని పంపేస్తుంది. వాళ్ళు మలుపు తిరిగాక పెద్దది ఆ రంగంతా గీకేసి మొదట్నుంచి వేస్తుంది. చివర్లో తల్లి కన్ను వెనకవైపు సూదితో తన గుర్తు గీస్తుంది. దానికి చూపక్కర్లేదు, వేలికొస సరిపోతుంది. జనం వచ్చి దండం పెట్టేది ఆ గుర్తుకే.

"సరేనమ్మా" అంది పెద్దది. కుంచెల కట్ట మళ్ళీ ముడేసింది.

మంగళవారం లెక్కల మాస్టారు వచ్చాడు. ఆటస్థలంలో బంతి తగిలి ఎడమ కన్ను పోయింది. ఆసుపత్రిలో తీసేసి రెండు నెలలవుతోంది. నల్ల కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటూ, "సోమవారం నుంచి క్లాసుకి వెళ్ళాలమ్మా. బోర్డు మీద రాస్తున్నంతసేపూ బాధ లేదు. పిల్లలవైపు తిరిగినప్పుడే..." అని ఆగిపోయాడు.

బాగున్న కన్ను తేనెరంగుది. ఇలాంటి కన్ను ఏడాదికొకటి కూడా రాదు. నలుపుకి దగ్గరి గోధుమరంగు ఎవరైనా వెయ్యగలరు. తేనెరంగు అలా కాదు, వెలుతురు మారితే దాని మొహమే మారిపోతుంది. పెద్దదాని చేతులు కుంచె కోసం తహతహలాడాయి. ఏ సీసాలోంచి ఎంత తియ్యాలో అప్పటికే మనసులో కలిపేసుకుంది.

"ఇది నేను చేస్తాను" అంది చిన్నది స్టూలు మీంచి.

తల్లి మొహం వెలిగిపోయింది. "మాస్టారూ, మీ అదృష్టం. మా చిన్నది నాలుగేళ్ళు బయటిదేశంలో ఈ పనే చదువుకొచ్చింది."

ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా చిన్నది పని తెలిసిన పిల్లే. కంటిగుంట కొలతకి మెత్తటి ముద్ద పోసేటప్పుడు మాస్టారు బిగుసుకుపోతే, ఎక్కాలు చెప్పమని అడిగి, పదిహేడో ఎక్కం మధ్యలో ఉండగా ముద్ద తీసేసింది. బుధవారానికి మైనపు అచ్చు రెప్ప కింద చక్కగా ఇమిడింది. ఆ అచ్చులో ప్లాస్టిక్ ముద్ద పోసి పెద్దది వెనకగదిలో కంటి తెల్లగుడ్డు ఉడికించింది. ఎర్ర పట్టుదారం పోగులు విడదీసి, వెంట్రుక కన్నా సన్నటి నరాలు ఒక్కొక్కటే తడిబంక మీద పరిచింది. మాస్టారి మంచికంట్లో ముక్కువైపు మూలన రెండు నరాలు కొక్కెంలా మెలితిరిగి ఉంటాయి. అవి కూడా అలాగే పెట్టింది.

"నీ చెయ్యి ఎవరికీ రాదక్కా. అక్కడ నరాలకి ముగ్గురున్నారు. ముగ్గురూ గీతలు గీసినట్టు పెడతారు" అంది చిన్నది. మెచ్చుకోలు నిజమైనదే. అయినా పెద్దదానికి ఒళ్ళు మండింది. నరాలు! పదహారేళ్ళ నుంచీ ఇంటా బయటా అదే మాట.

గురువారం మధ్యాహ్నం వెనకగదిలో ఇద్దరే ఉన్నారు. చిన్నది గట్టు మీద కూర్చుని టీ తాగుతోంది.

"నాకు రావాలో వద్దో తెలియట్లేదక్కా. అక్కడ పదకొండు మందిలో ఒకదాన్ని. నా బల్ల, నా దీపం, సాయంత్రం తాళం వేసుకుని వెళ్ళే ఒక గది. పుట్టినరోజు నాడు నేనే వెళ్ళి కేకు ముక్క కొనుక్కుని నిలబడి తినేశాను. ఇక్కడికొస్తే మీరుంటారు. కానీ నా చెయ్యి ఇక్కడ పనికొస్తుందా? నేర్చుకుందంతా అక్కడి దీపాల కింద, అక్కడి కళ్ళ మీద."

"అమ్మకి చెప్పావా?"

"అమ్మకెందుకు? అమ్మ నా నిర్ణయం కూడా తనే చేసేసింది. నీతో చెబుతున్నా. ఈ మాస్టారి కన్ను కుదిరితే ఉండిపోతాను. కుదరలేదా, నా చోటు అదేనని వెళ్ళిపోతాను. నువ్వేమంటావ్?"

"నీ ఇష్టం" అంది పెద్దది, తెల్లగుడ్డుని దూదితో రుద్దుతూ. అప్పటికే అరిగిపోయేంతగా రుద్దింది.

శుక్రవారం రంగు వేసింది చిన్నది. మాస్టార్ని ఎదురుగా కూర్చోబెట్టి గుండ్రటి దీపం వెలిగించింది. బయటి వెలుతురు దీపంతో కలిస్తే రంగు మోసం చేస్తుందని కిటికీకి దళసరి తెర లాగేసింది. ఆ కిటికీకి తెర వెయ్యడం పెద్దది పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తల్లి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఏమీ కనబడకపోయినా కుంచె ఆడుతున్న సన్నటి చప్పుడు వింటూ తల పంకించింది. రెండు గంటలకి చొక్కా గుండీ అంత బిళ్ళ మీద నల్లగుడ్డు తయారైంది. దీపం కింద మాస్టారి మంచికన్ను పక్కన పెడితే ఏది ఏదో తెలియలేదు.

"అద్భుతం" అంది తల్లి.

ఈ షాపులో ఇంకొక పద్ధతి ఉంది. దాన్ని గడప చూపు అంటారు. రంగు మీద అద్దంలాంటి పైపొర పోసి ఉడికించే ముందు, మనిషిని వీధిగడప మీద నిలబెట్టి, బాగున్న కంటి పక్కన బిళ్ళ పట్టి పగటి వెలుతురులో చూస్తారు. దీపం కింద కలిసిన రంగులు బయట కలవాలని లేదు. పైపొర పడ్డాక ఇంక దిద్దుబాటు ఉండదు. చిన్నది చదివిన చోట ఎండ మొహం చూసేది ఏడాదిలో నాలుగు నెలలే. అక్కడ గడపని నమ్ముకుంటే పని సాగదు, దీపాన్నే నమ్ముతారు.

అయినా చిన్నది మరిచిపోలేదు. బిళ్ళని పళ్ళెంలో పెట్టి వెనకగదిలోకి తెచ్చింది. "అక్కా, గడప దగ్గర చూడాలా? పాపం మాస్టారికి కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కాయట. నువ్వొకసారి చూసి చెప్పు, చాలు. నీ కన్ను మీద నాకు నమ్మకం."

పెద్దది పళ్ళెం అందుకుని పెరటి తలుపు దగ్గరికి నడిచింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ కాస్త పగటి వెలుతురు పడగానే బిళ్ళ రంగు మారింది. తేనె పోయింది. నిలవనీటి తొట్టిలో పట్టిన పాచిలా పచ్చగా తేలింది. ఒక్క పిసరు ఎరుపు తగిలించి, పసుపు ఒక పొర తగ్గిస్తే సరిపోతుంది. పావుగంట పని. ఆ ఎరుపు సీసా పెద్దదాని మోచేతికి దగ్గర్లోనే ఉంది.

ముందుగదిలోంచి తల్లి గొంతు వినబడింది. "చిన్నదాని చెయ్యి చూశారా మాస్టారూ! ఇక ఈ షాపుకి దిగుల్లేదు. నేను హాయిగా కళ్ళు మూసుకోవచ్చు."

పెద్దది తలుపు మూసి వెనక్కి తిరిగింది.

"సరిగ్గా కుదిరింది. పైపొర పోసెయ్" అంది.

చిన్నది అక్క మెడచుట్టూ చేతులు వేసి చెంప మీద ముద్దు పెట్టింది. పెద్దది బిళ్ళ జారకుండా పళ్ళెం గట్టిగా పట్టుకుంది.

శనివారం కన్ను పెట్టారు. తెరలాగిన గదిలో, దీపం కింద మాస్టారు చేతి అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత చిన్నదానికి చేతులు జోడించాడు, తల్లికి జోడించాడు, పెద్దదానివైపు కూడా తిరిగి జోడించాడు. అంతకుముందు, కన్ను వెనక గుర్తు గీసేటప్పుడు, తల్లి ఈసారి సూది తను పట్టలేదు. చిన్నదాని చేతికిచ్చి దాని గుర్తే గియ్యమంది. పదహారేళ్ళలో పెద్దదానికి ఆ సూది దుమ్ము దులపడానికి తప్ప చేతికి రాలేదు.

మాస్టారు వెళ్ళడానికి లేచాడు. వీధి తలుపు వైపు అడుగు వేస్తుంటే పెద్దది గబగబా ఎదురెళ్ళింది. బల్ల మీద మరిచిపోయిన నల్ల కళ్ళజోడు అందించి, "పెట్టుకోండి మాస్టారూ. కొత్త కన్ను కదా, రెండు రోజులు ఎండ తగలకూడదు. బయట ఎక్కడా తియ్యకండి" అంది. ఆయన బుద్ధిగా పెట్టుకుని గడప దాటాడు. బయట వానమబ్బు కమ్ముకుని ఉంది. ఎండ జాడే లేదు.

ఆ రెండు రోజులూ ఇల్లు కళకళలాడింది. ఆదివారం పొద్దంతా చిన్నది తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ఉద్యోగం వద్దని రాసిన ఉత్తరం ఫోన్లో సిద్ధంగా ఉంచుకుంది, సోమవారం సాయంత్రం పంపేద్దామని. పెద్దది తన సామాను వెనకగదిలోకి మార్చుకుంది. ఎవరైనా చూస్తే, ఎంత మంచి అక్క అనుకునేవాళ్ళు.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి మాస్టారు వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకునే లోపలికొచ్చాడు, కూర్చున్నాక కూడా తియ్యలేదు.

"పొద్దున ప్రార్థన ఆరుబయటే కదమ్మా జరిగేది. రెండు రోజులయింది కదా అని అక్కడే తీశాను. ముందు వరస పిల్లలు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. ఎందుకో నాకు తెలీలేదు. మూడో పీరియడ్లో బోర్డు మీద లెక్క వేస్తుంటే వెనక బెంచీలోంచి ఎవడో మ్యావ్ అన్నాడు." ఆయన కళ్ళజోడు ముక్కు పైకి తోసుకున్నాడు. "ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను. వెనక్కి తిరిగితే నోరెత్తేవాడు కాదు ఎవడూ. ఇవాళ తిరిగితే క్లాసు క్లాసంతా మ్యావ్ అంది."

చిన్నది లేచి కిటికీ తెర పక్కకి తీసేసింది. కళ్ళజోడు తీయించింది. కిటికీ వెలుతురు మొహం మీద పడింది. ఒక కన్ను తేనెరంగులో, రెండోది పిల్లికన్నులా పచ్చగా. చిన్నది నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"మీ తప్పేం లేదమ్మా" అన్నాడు మాస్టారు. ఆయనకి ఎదుటివాళ్ళని నొప్పించడం చేతకాదు. "మీ అక్కగారి పుణ్యమా అని శనివారమే వీధిలో పరువు పోకుండా బతికిపోయాను. ఎండ తగలకూడదని, తనే కళ్ళజోడు తెచ్చి పెట్టించింది."

"శనివారమా?" అంది తల్లి.

"అవునండీ."

"శనివారం ఎండెక్కడిది మాస్టారూ? నా మోకాళ్ళు పొద్దుట్నుంచీ వాన వాన అని పోరుతూనే ఉన్నాయి."

మాస్టారు మొహమాటంగా నవ్వాడు. చిన్నదానికి ఆ మాట చెవికెక్కలేదు, అది అప్పటికే ఏడుస్తోంది. పెద్దది మాత్రం తల్లివైపు చూసింది. మసకబారిన ఆ రెండు కళ్ళూ తిన్నగా తనమీదే ఉన్నాయి.

సాయంత్రం చిన్నది ఫోన్లో ఆ ఉత్తరం తుడిపేసి ఇంకోటి రాసింది. పంపేముందు అక్క దగ్గరికొచ్చి కూర్చుంది. "నువ్వు బాధపడకక్కా. రెండు గంటలు ఆ రంగుతోనే ఉన్న నాకే తెలియలేదు, ఒక్క చూపు చూసిన నీకెలా తెలుస్తుంది? నా కళ్ళు అక్కడి దీపాలకి అలవాటు పడిపోయాయి. ఇంక ఇక్కడికి పనికిరావు" అంది. పెద్దది దాని వీపు నిమిరింది. చెప్పేద్దామా అని ఒక్క క్షణం గొంతుదాకా వచ్చింది. వెనకగదిలో పేర్చుకున్న తన సామాను కనబడింది. వచ్చిన మాట మింగేసింది.

బుధవారం పొద్దున చిన్నది వెళ్ళిపోయింది. దీపం కూడా తీసుకెళ్ళింది.

వీధి చివర కారు మలుపు తిరిగేదాకా తల్లి గడపలో నిలబడింది. లోపలికొచ్చి, గోడ తడుముకుంటూ కుర్చీలో కూర్చుని, ఫోన్ ఇటివ్వమంది. డాక్టరు నంబరు కలపమంది. కలిపింది పెద్దదే.

"డాక్టరుగారూ, మీరడిగినవన్నీ పంపిస్తాను. శుక్రవారం బండి పంపండి." అవతలి మాట విని, "ఆఁ, నరాలు పెట్టడానికి మనిషి ఉంది. పెద్దది వస్తుంది. మీ దగ్గర రంగు వేసేవాళ్ళున్నారు కదా, వాళ్ళకి అందిస్తూ ఉంటుంది" అంది.

పెద్దది తల్లి కుర్చీకి ఎదురుగా వచ్చి నిలబడింది. "అమ్మా! షాపు ఇచ్చేస్తున్నావా? నేనున్నాను కదా. రెండేళ్ళుగా వేస్తున్నదెవరు?"

"నువ్వే."

ఆ ఒక్కమాట కోసం పదహారేళ్ళు కాచుకుంది. అదిప్పుడు చెప్పులు విడిచినంత మామూలుగా తల్లి నోట్లోంచి వచ్చేసింది.

"మరి?"

"నీ కన్ను ఎలాంటిదో నాకు తెలుసే. నా కన్నా, దాని కన్నా గట్టిది. ఆ పచ్చన నీకు కనబడకుండా పోదు. కనబడింది కాబట్టే మబ్బులో కళ్ళజోడు పెట్టించావు."

"ఇన్నాళ్ళూ ఆ మాట ఒక్కసారైనా అన్నావా అమ్మా? నా కన్ను గట్టిదని?"

"అనలేదు" అంది తల్లి. "అంటే నువ్వు స్టూలు అడిగేదానివి." అంతకు మించి ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. ఏడవనూ లేదు. పెద్దదాన్ని తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

మాస్టారి కన్ను మళ్ళీ చెయ్యాలి కదా. శుక్రవారం పొద్దున ఆయన వచ్చేసరికి పెద్దది అన్నీ సిద్ధం చేసింది. తల్లి ఎప్పట్లాగే ఆయన ఎదుట నాలుగు గీతలు గీసి, ఆరాలి, మధ్యాహ్నం రండి అని పంపేసింది. ఆయన మలుపు తిరిగాక పెద్దది ఆ రంగు గీకేసి, కిటికీ పక్కన ఎత్తు స్టూలు ఎక్కి కూర్చుంది. తల్లి వద్దనలేదు. చిన్నది తెచ్చిన కుంచెల్లో అన్నిటికన్నా సన్నటిది తీసింది. అక్కడ కూర్చుంటే వీపు నిటారుగా నిలబడింది, వెలుతురు భుజం మీంచి నేరుగా బిళ్ళ మీద పడింది. ఇంత సులువా ఈ పని అనిపించింది. తేనె అడుగున కాస్త ఎరుపు, అంచున పొగలాంటి బూడిదరంగు, కనుపాప చుట్టూ సూర్యకిరణాల్లాంటి పసుపు గీతలు. ఆమె చెయ్యి ఎక్కడా తడబడలేదు. మధ్యాహ్నం మాస్టారు రాగానే గడప మీద నిలబెట్టి చూసింది. ఎండలో రెండూ ఒకేలా వెలిగాయి.

పైపొర ఉడికి, పాలిష్ అయ్యేసరికి మూడున్నరైంది. ఆసుపత్రి బండి వచ్చి వీధిలో ఆగింది. మనుషులు అచ్చులూ సొరుగులూ మోసుకుపోతున్నారు. కదిలినప్పుడల్లా సొరుగుల్లో కళ్ళు గలగలమంటున్నాయి.

తల్లి చెయ్యి చాపింది. "ఇటియ్యి."

పెద్దది ఇచ్చింది. తల్లి కన్నుని అరచేతిలో బోర్లించి, వేలికొసతో తడిమి, సూదితో తన గుర్తు గీసి తిరిగిచ్చింది.

మాస్టారు గడపలోనే నిలబడి అద్దంలో చూసుకున్నాడు. ఎడం పక్కకి తిరిగాడు, కుడి పక్కకి తిరిగాడు. వీధిలో పోయేవాళ్ళని నలుగుర్ని పనిగట్టుకుని పలకరించాడు. ఎవరూ ఆగి చూడలేదు. లోపలికొచ్చి తల్లి కాళ్ళకి వంగబోయి, ఆవిడ వారిస్తే చేతులు జోడించాడు.

"చిన్నమ్మాయిగారు కుర్రతనం కొద్దీ తొందరపడ్డారు గానీ, ఎంతైనా మీ చెయ్యి మీ చెయ్యేనండీ!"

"ఆ, ఏదో మీ అభిమానం" అంది తల్లి.

ఆయన పెద్దదానివైపు తిరిగి, "మీకు కూడా బోలెడు శ్రమ ఇచ్చానమ్మా" అన్నాడు. పెద్దది తలూపింది. ఎండ బాగానే ఉంది, నల్ల కళ్ళజోడు ఆయన జేబులోనే ఉండిపోయింది.

ఆయన మలుపు తిరిగాక బండి మనిషి గుమ్మంలోంచి తొంగిచూసి, ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు.

"ఆ స్టూలు కూడా ఇచ్చెయ్యవే. కిటికీ దగ్గర వేసుకుంటారట" అంది తల్లి.

దాని మీద నాలుగు చోట్ల తేనెరంగు చుక్కలు పడి ఉన్నాయి. పెద్దది గుడ్డ తెచ్చి, అవి పోయేదాకా శుభ్రంగా తుడిచి, రెండు చేతులతో ఎత్తి అతనికి అందించింది.